గ్రూప్ ఫొటోకి నన్ను పిలవండి, మిగతా ఏడాది పిల్లలకి వదిలేయండి

(ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు బహిరంగ లేఖ)

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు,



ఫిబ్రవరి వచ్చిందంటే మీలో ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తారు. పదో తరగతి పిల్లలకి వీడ్కోలు సభ ఉంది, పదకొండింటికల్లా వచ్చి గ్రూప్ ఫొటో తీసి వెళ్లమంటారు. వస్తాను. బెంచీలు వేయిస్తాను. పొడుగువాళ్లు వెనక బెంచీల మీద, మధ్యలో కుర్చీల్లో మీరూ మీ టీచర్లూ, ముందు నేల మీద పొట్టివాళ్లు. ఎండ కళ్లలో కొడుతుంది కాబట్టి అందర్నీ కళ్లు మూసుకోమని, మూడు అనగానే తెరవమంటాను. నాలుగైదు క్లిక్కులు కొట్టి, వారం తిరక్కుండా లామినేషన్ చేయించి పంపిస్తాను. అది నా బతుకుతెరువు. ఆ ఫొటో ఉండాలి కూడా. కానీ ఆరో తరగతిలో చేరి ఐదేళ్లు మీ వరండాల్లో తిరిగిన పిల్లకి బడి గుర్తుగా ఆ ఒక్క బొమ్మే మిగలడం నాకు నచ్చడం లేదు. అందులో ఆ పిల్ల ముఖం మినపగింజంత ఉంటుంది.

నేను అడగబోయేది చిన్న పనే. ఏడాదికో వార్షిక సంచిక వేయండి. అందులో ఫొటోలన్నీ పిల్లలే తీయాలి. నాలాంటి స్టూడియోవాడు తీసింది ఆ గ్రూప్ ఫొటో ఒక్కటే ఉండాలి. ఫొటో తీయడం పిల్లలకి నేర్పడానికి ఖరీదైన కెమెరాలు అక్కర్లేదు, ప్రత్యేకంగా ఓ మాస్టారూ అక్కర్లేదు. ఏం నేర్పాలో, ఏం నేర్పనక్కర్లేదో నా వృత్తిలో తెలిసినంత మేరకు ఈ ఉత్తరంలో చెప్తాను.

నిజానికి బడిలో ఫొటోలకి కరువు లేదు. రోజూ తీస్తూనే ఉన్నారు. మరుగుదొడ్డి శుభ్రంగా ఉందని ఒక ఫొటో, భోజనంలో గుడ్డు పెట్టామని ఒక ఫొటో, మొక్క నాటామని ఒక ఫొటో. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన ఆంధ్రప్రదేశ్ బడుల బాగుచేత పథకం 'మన బడి నాడు–నేడు' అయితే పేరులోనే రెండు ఫొటోలు పెట్టుకుని వచ్చింది. తెలంగాణలో పిల్లల హాజరుకే ముఖాన్ని కెమెరాకి చూపించే పద్ధతి వచ్చింది. ఇవన్నీ పైకి పంపే ఫొటోలు. గుడ్డు కనబడుతుంది, తింటున్న పిల్ల చెయ్యి మాత్రమే కనబడుతుంది. ఒక యాప్‌లోంచి ఇంకో యాప్‌లోకి పోయి, ఎవరో ఓ అధికారి చూసో చూడకో వదిలేసిన ఆ ఫొటోల్లో పిల్లలకి మిగిలేది ఒక్కటీ లేదు.

మన ఊళ్ల నుంచి అమెరికా వెళ్లినవాళ్ల పిల్లలు మే నెల చివర్లో ఇంటికి ఒక దళసరి పుస్తకం తెచ్చుకుంటారు. ఇయర్‌బుక్ అంటారు దాన్ని. అందులో ప్రతి విద్యార్థి ముఖం, పేరు, ఏడాది పొడుగునా బడిలో జరిగినవన్నీ ఉంటాయి. అట్టల లోపలి ఖాళీ కాగితాల మీద స్నేహితులు సంతకాలు పెడతారు. చాలా హైస్కూళ్లలో ఆ పుస్తకం తయారు చేయడమే ఒక పాఠ్యాంశం. ఒక టీచరు వెనక ఉంటారు. ఫొటోలు తీసేదీ, రాసేదీ, పేజీలు కట్టేదీ పిల్లలే. ఈ అలవాటు వెనక నాలాంటి స్టూడియోవాడు ఒకడున్నాడు లెండి. 1850ల చివర్లో, 1860ల్లో మసాచుసెట్స్‌లో జార్జ్ కెండాల్ వారెన్ అనే ఫొటోగ్రాఫర్ కాలేజీ కుర్రాళ్ల ఫొటోలు తీసి అమ్మేవాడు. వాళ్లు తోటివాళ్లవీ గురువులవీ భవనాలవీ ఫొటోలు కొనుక్కుని తమకి నచ్చిన వరసలో బైండు చేయించుకునేవారు.

మనకి ఆ అలవాటు లేదని ఎవరన్నారు? పదో తరగతి ఆడపిల్లల సంచుల్లో చూడండి. ఫిబ్రవరి నుంచి ఆటోగ్రాఫ్ పుస్తకాలు తిరుగుతుంటాయి. ఇష్టమైన రంగు, ఇష్టమైన హీరో, 'నన్ను మర్చిపోవద్దు' అని నాలుగు రంగుల స్కెచ్ పెన్నుతో రాతలు. ఆ పుస్తకంలో ఫొటో అంటించాల్సిన చోట ఒక చదరం గీసి ఉంటుంది. చాలామందిది ఖాళీగానే ఉంటుంది. పాస్‌పోర్టు ఫొటో ఉంటే అంటిస్తారు. అది హాల్‌టికెట్ కోసం నా దగ్గర నీలం తెర ముందు కూర్చుని దిగింది, మిగిలిన కాపీ.

ఇక పిల్లలే ఎందుకు తీయాలి? నా అనుభవంలో కారణాలు రెండు. మొదటిది ఎత్తు. ఆరో తరగతి పిల్లవాణ్ణి నేను నిలబడి తీస్తే తల పెద్దగా, కాళ్లు చిన్నగా వస్తాయి, పైనుంచి చూసినట్టు ఉంటుంది. నేను మోకాళ్ల మీద కూర్చోవాలి. వాడి పక్కవాడు తీస్తే ఏ కష్టం లేకుండా కళ్లకి కళ్లు సమంగా వస్తాయి. రెండోది భయం. నేను కెమెరా బయటికి తీయగానే క్లాసంతా బిగుసుకుంటుంది, చేతులు కట్టుకుంటారు, నవ్వమంటే పళ్లు చూపిస్తారు. తోటిపిల్ల తీస్తే ఓ పూట అల్లరి చేస్తారు, వెక్కిరిస్తారు, రెండు వేళ్లు చూపిస్తారు. వారం తిరిగేసరికి ఆ పిల్ల చేతిలో కెమెరా ఉందన్న సంగతే మర్చిపోతారు. అప్పటినుంచి అసలు ఫొటోలు మొదలవుతాయి. లెక్కల పీరియడ్‌లో డెస్కు కింద చింతపండు చప్పరిస్తున్న ముఖం నాకు జన్మలో దొరకదు.

అమెరికా ఫొటోగ్రాఫర్ వెండీ ఇవాల్డ్ ఈ పని చాలాకాలం చేశారు. కెంటకీ కొండ ప్రాంతపు బడిపిల్లలకి కెమెరాలిచ్చి, తీయడం నేర్పి, వాళ్ల ఫొటోలతో 1985లో 'పోర్ట్రెయిట్స్ అండ్ డ్రీమ్స్' అనే పుస్తకం వేశారు. తర్వాత గుజరాత్‌లోని విచ్ఛియా అనే పల్లెకి వచ్చి అక్కడి పిల్లలతోనూ అదే చేశారు. విద్య గురించి పెద్ద మాటలు మాట్లాడేవాళ్లకి చూపించాల్సిన పుస్తకాలవి. నాకు వాటిలో నచ్చింది, పిల్లలు తమ ఇంటిని, తమ మనుషుల్ని, భయాల్ని కూడా ఎవరూ చెప్పకుండానే ఎంచుకుని తీయడం.

సరే, నేర్పడం సంగతి. మొదట వెలుతురు. ఇది తెలిస్తే సగం పనైనట్టే. ప్రతి హైస్కూల్లోనూ మంచి స్టూడియో ఒకటుంది, వరండా. నా స్టూడియోలో వేలు పోసి పెట్టిన లైట్లకన్నా అది మేలు. మధ్యాహ్నం పన్నెండింటికి గ్రౌండులో నిలబెడితే ఎండ నడినెత్తి మీద పడి కళ్ల కింద, ముక్కు కింద నల్లటి గుంటలు పడతాయి. అదే పిల్లని వరండాలోకి తీసుకొచ్చి, నీడ అంచు దాకా జరిపి, ముఖం గ్రౌండువైపు తిప్పండి. బయటి ఇసుక మీద పడిన ఎండ కింద నుంచి మెత్తగా ముఖం మీదికి ఎగదన్నుతుంది. కళ్లలో చిన్న మెరుపు వస్తుంది. ఒక పిల్లని ముందు గోడ దగ్గర, తర్వాత అంచు దగ్గర నిలబెట్టి రెండు ఫొటోలు తీయించి పక్కపక్కన చూపిస్తే ఏడో తరగతి పిల్లలు కూడా ఒక్క పీరియడ్‌లో పట్టేస్తారు. పచ్చరంగు వేసిన గోడకి ఆనించి తీస్తే బుగ్గ మీదికి పచ్చదనం వస్తుందనీ వాళ్లే కనిపెడతారు. కిటికీని వెనక పెట్టుకుని నిలబడితే ముఖం మసి అవుతుందన్నది రెండో పాఠం. మనిషిని తిప్పలేకపోతే తీసేవాళ్లు అటు తిరగాలి.

రెండో సంగతి రంగు. ఇక్కడ నాకు కొంచెం కోపం ఉంది, ఓర్చుకోండి. ఫోన్ కెమెరా ఎదురుగా ఉన్నవన్నీ కలిపి సగటు వెలుతురు లెక్కగట్టుకుంటుంది. తెల్ల చొక్కా, సున్నం గోడ, చామనఛాయ ముఖం ఉంటే తెలుపుని అదుపు చేయబోయి ముఖాన్ని ఇంకా నల్లగా చేస్తుంది. స్క్రీన్ మీద ముఖం దగ్గర వేలు పెట్టి నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కాస్త పైకి జరిపితే ముఖం ముఖంలా వస్తుంది. ఇంతే నేర్పాల్సింది. కానీ మా వృత్తిలో జరిగేది ఇంకోటి. ఫొటోని కంప్యూటర్లో వేసి పిల్లలందర్నీ తెల్లగా తోమేస్తారు. ఇప్పుడు ఫోన్లలో బ్యూటీ మోడ్ ఆ పని అడక్కుండానే చేస్తోంది. ఫిల్ము రోజుల్లో కొడాక్ కంపెనీ రంగులు సరిచూసుకోవడానికి 'షర్లీ కార్డు' అని ఒక తెల్లజాతి యువతి ఫొటో వాడేది. ఆమె ఒంటి రంగు బాగా వస్తే అందరిదీ బాగా వచ్చినట్టే లెక్క. చివరికి ముదురు రంగులు సరిగ్గా రావడం లేదని గట్టిగా అడిగినవాళ్లలో చెక్కసామాను, చాక్లెట్ తయారీదార్లున్నారు. మనుషుల మాట కంటే చాక్లెట్ మాటకి విలువెక్కువ! మీ బడి కెమెరాలో మొదటి రోజే బ్యూటీ మోడ్ తీసేయించండి. తన ఒంటి రంగు తప్పని ఒక పిల్లకి బడి పుస్తకమే చెప్పడం ఏం న్యాయం?

మూడోది దూరం. ఫోన్ కెమెరా కటకం వెడల్పుగా చూస్తుంది. మూరెడు దూరం నుంచి తీస్తే ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కి పోతాయి. ఒక్క మనిషిని తీయాలంటే నాలుగైదు అడుగులు వెనక్కి జరిగి, ఫోన్లో రెండు రెట్లు అని ఉండే మీట నొక్కాలి. అంతకు మించి వేళ్లతో సాగదీయకూడదు. గుంపు ఫొటోలో చివర నిలబడ్డవాళ్లు లావుగా కనిపించడం కూడా ఈ వెడల్పు కటకం వల్లే. కాబట్టి అంచుల్లో కాస్త ఖాళీ వదలాలి. చేతులు వణక్కుండా మోచేతులు పక్కటెముకలకి ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కడం కూడా ఇందులోనే చెప్పేయండి. తరగతి గదిలో వెలుతురు తక్కువ, అక్కడ ఫోను షట్టరు నెమ్మదిగా పడుతుంది. బోర్డు మీద రాస్తున్న చెయ్యి చెదిరిపోతుంది. రాయడం ఆపి వెనక్కి తిరిగిన క్షణం కోసం కాచుకోవాలి.

ఆటలు తీయడం పిల్లలకి ఎక్కువ ఇష్టం, వాళ్లు ఎక్కువ పాడుచేసేదీ అదే. పీఈటీ మాస్టారు పక్కనుంటే ఒక్క సాయంత్రంలో దారికొస్తుంది. కబడ్డీ తీసుకోండి. అందరూ కోర్టు పక్కన గీత దగ్గర నిలబడి తీస్తారు. కూతకెళ్లిన వాడి భుజం, వెనకవాళ్ల కాళ్లు పడతాయి. కూతగాడి ముఖం ఎప్పుడూ అవతలి జట్టు వైపు ఉంటుంది. కాబట్టి తీసేవాడు కాపుకాసే జట్టు వెనక, చివరి గీతకి నాలుగడుగుల అవతల, నేల మీద కూర్చోవాలి. అప్పుడు వాళ్ల కాళ్ల సందుల్లోంచి కూతగాడి నోరు, కళ్లు, చాచిన చెయ్యి అన్నీ ఎదురుగా వస్తాయి. చెయ్యి తగిలాక నొక్కితే ఆలస్యమైపోతుంది. వాడు వంగగానే మీట నొక్కి పట్టుకుంటే వరసగా పది పడతాయి, తొమ్మిది తీసేసి ఒకటి ఉంచుకోవాలి. ఆ తీసేయడం కూడా నేర్పాల్సిన పనే. పిల్లలు తాము తీసినదేదీ పారేయరు. పెద్దవాళ్లూ అంతే, నా దగ్గరికి వచ్చే పెళ్లివారిని చూస్తే తెలుస్తుంది.

ఇక ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణానికి వస్తాను. బడుల వార్షిక సంచికలు, కార్పొరేట్ స్కూళ్లు వేసే రంగురంగుల పుస్తకాలు అచ్చుకి ముందు నా చేతిలోంచి కొన్ని వెళ్తుంటాయి. వాటిలో కనిపించే పిల్లలు ఎవరో లెక్కపెట్టండి. మొదటి ర్యాంకు పిల్ల, వార్షికోత్సవంలో కూచిపూడి ఆడిన పిల్ల, కలెక్టరుగారికి పుష్పగుచ్ఛం ఇచ్చిన పిల్ల. తరచుగా ఆ ముగ్గురూ ఒక్కరే. ఆ పిల్ల డజను పేజీల్లో ఉంటుంది. మూడో బెంచీలో గోడ పక్కన కూర్చునే వాడు ఎక్కడా ఉండడు, గ్రూప్ ఫొటోలో ముందువాడి చెవి వెనక సగం ముఖం తప్ప. అమెరికా బడుల్లో ఇయర్‌బుక్ చూసే టీచర్లు దీనికో పద్ధతి పాటిస్తారు. విద్యార్థుల జాబితా పెట్టుకుని, ఎవరి ఫొటో పుస్తకంలోకి ఎక్కితే వాళ్ల పేరు పక్కన గుర్తు పెడతారు. చాలాచోట్ల ప్రతి విద్యార్థీ కనీసం మూడుసార్లు కనిపించాలని లక్ష్యం పెట్టుకుంటారు.

మీ దగ్గర హాజరు పట్టీ ఉండనే ఉంది. దానికి జిరాక్సు తీయించి పిల్లల జట్టుకి ఇవ్వండి. ఫొటో తీశాక పేరు పక్కన టిక్కు పెట్టాలి. దీపావళి నాటికి ఎవరి పేరు పక్కన ఖాళీ ఉందో చూడాలి. ఆ ఖాళీ పేర్లే సంక్రాంతి లోపు పని. నా మాట నమ్మండి, ఫొటోగ్రఫీలో ఇంతకన్నా పెద్ద పాఠం నేను ఏ కోర్సులోనూ వినలేదు. ఖాళీగా ఉన్న పిల్లవాడి దగ్గరికి వెళ్లాలంటే వాడు ఏం చేస్తాడో తెలుసుకోవాలి. ఒకడు మధ్యాహ్నం పూట సైకిల్ చైను వేసి పెడుతుంటాడు క్లాసులో సగంమందికి. ఒకామె వంటమ్మకి పళ్లాలు కడిగి ఇస్తుంది, ఎవరూ చెప్పకుండానే. వారానికి రెండ్రోజులు మాత్రమే వచ్చే పిల్లవాడు ఒకడుంటాడు, మిగతా రోజులు మిర్చి కోతకి వెళ్తాడు. వాడు వచ్చిన రోజు తీయాలి. కోతకి వెళ్తాడన్నది ఫొటో కింద రాయాలా వద్దా అన్నది వాడినే అడగాలి.

జట్టులో ఎవరుండాలన్నది మీకు చిక్కు తెచ్చే ప్రశ్న. క్లాస్ లీడర్లని పెట్టేస్తే తేలిక, కానీ వాళ్ల కళ్లకి వాళ్ల స్నేహితులే కనిపిస్తారు. సెక్షనుకి ఇద్దరు, అందులో ఒకరు ఆడపిల్ల, మూడు నెలలకోసారి మార్పు. మాట్లాడటానికి జంకే పిల్లల్ని ఒకరిద్దర్ని తప్పకుండా వేయండి, గమనించే అలవాటు వాళ్లకే ఎక్కువ. ఆడపిల్లల చేతికి కెమెరా ఎందుకని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి ఒక మాట. ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో జనానా స్టూడియో పెట్టారు. గోషాలో ఉండే స్త్రీల ఫొటోలు స్త్రీలే తీసేందుకు. మన దేశంలో తొలి మహిళా ప్రెస్ ఫొటోగ్రాఫర్ హోమై వ్యారవాలా బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకునే రోజుల్లో తోటి విద్యార్థినుల్ని ఫొటోలు తీస్తూ చెయ్యి తిప్పుకున్నారు. మొదట్లో ఆమె ఫొటోలు భర్త పేరుతో అచ్చయ్యేవి. 2011లో పద్మవిభూషణ్ వచ్చింది. ఆడపిల్లల కబుర్లు, జడలు వేసుకోవడం, బాలల దినోత్సవం నాటి స్వపరిపాలనలో అమ్మ చీర కట్టుకొచ్చి ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పే పదో తరగతి పిల్ల కుచ్చిళ్లు జారకుండా పిన్నీసుతో పడే పాట్లు, ఇవన్నీ ఆడపిల్ల తీస్తేనే బాగుంటాయి.

ఫోన్లు బడికి తేకూడదని నిబంధన ఉంది కదా అంటారు. ఉండాలి. పిల్లల సొంత ఫోన్లతో నాకు పని లేదు. ఎవరింట్లోనైనా మూలన పడి ఉన్న పాత ఫోను ఒకటి తీసుకోండి. సిమ్ కార్డు ఉండకూడదు, వాట్సాప్ ఉండకూడదు, ఇంటర్నెట్ ఉండకూడదు. అది బడి కెమెరా. ఉదయం మీ బీరువాలోంచి బయటికి, సాయంత్రం మళ్లీ బీరువాలోకి, తీసుకెళ్లినవాళ్లు రిజిస్టరులో సంతకం. ఆడపిల్లల తల్లిదండ్రుల భయం న్యాయమైనదే. ఫొటో ఎక్కడికి పోతుందో అన్నదే ఆ భయం. కాబట్టి ఫొటోలు బడి కంప్యూటరు దాటి పోవనీ, అచ్చు పుస్తకంలో తప్ప ఎక్కడా వేయమనీ జూన్‌లో తల్లిదండ్రుల సమావేశంలో చెప్పి కాగితం మీద అంగీకారం తీసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల అంగీకారం ఉండాలనే చెప్తోంది. తల్లిదండ్రులు సరేనన్నా, 'నాది తీయొద్దు' అని పిల్ల అంటే తీయకూడదు. తీశాక 'తీసేయి' అంటే ఆమె ముందే తీసేయాలి. ఈ నియమాన్ని జట్టు పిల్లల చేత పెద్ద అక్షరాలతో రాయించి ఫోను వెనక అతికించండి.

వాట్సాప్ వద్దనడానికి నా వృత్తిపరమైన కారణం కూడా ఉంది. ఫోనులో మామూలు ఫొటో నాలుగు వేల చుక్కల వెడల్పు ఉంటుంది. వరసకి పదిహేను మంది నిలబడితే ఒక్కో ముఖానికి వంద చుక్కలు అటూ ఇటూగా దక్కుతాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది పొడవు వైపు సుమారు 1600 చుక్కలకి కుదించేస్తుంది. ముఖానికి నలభై మిగులుతాయి. ఫోనులో బాగానే కనబడుతుంది. అచ్చులో ఎవరు ఎవరో తెలియదు. ఏ4 పేజీ నిండా ఫొటో అచ్చు వేయాలంటే 2480 చుక్కల వెడల్పు, 3508 చుక్కల పొడవు కావాలని అచ్చువాళ్లు అడుగుతారు. కేబుల్ పెట్టి నేరుగా కంప్యూటర్లోకి ఎక్కించండి. నెలకో ఫోల్డరు, ఫోల్డరు మీద తేదీ, సందర్భం. రెండో కాపీ పెన్‌డ్రైవ్‌లో మీ దగ్గర.

పేర్లు. ఇది మర్చిపోయారంటే పుస్తకం ఇరవై ఏళ్లకి పనికిరాదు. పదో తరగతి మెమోలో ఒక్క అక్షరం తప్పు పడితే ఆ కుటుంబం ఎన్ని ఆఫీసులు తిరుగుతుందో మీకు తెలుసు. సంచికలోనూ అంత జాగ్రత్త కావాలి. గుంపు ఫొటో తీయగానే వరస చెదరకముందే ఎడమ నుంచి కుడికి పేర్లు రాసుకోవాలి. ఇంకా తేలిక మార్గం, అదే వరసలో ఒక్కొక్కరి చేత తమ పేరు తామే రాసిన కాగితం ఛాతీ దగ్గర పట్టించి రెండో ఫొటో తీయడం. ఇంటిపేరు ఎలా రాస్తారో వాళ్లకే తెలుసు. ఫొటో కింద 'విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్న దృశ్యం' అని మాత్రం రాయనివ్వకండి. ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారు, ఆ తర్వాత ఏమైంది, ఇవి రాయించండి. తెలుగు పండితులకి పని దొరుకుతుంది.

అచ్చు గురించి క్లుప్తంగా. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి, ముప్ఫై రెండు పేజీలు చాలు. లోపల మ్యాప్‌లిథో కాగితం మీద నలుపు–తెలుపు వేస్తే ఖర్చు అందుబాటులో ఉంటుంది. ఆ కాగితం సిరాని పీలుస్తుంది కాబట్టి ఫొటోలు తెర మీద కంటే ముదురుగా పడతాయి, ముందే కాస్త వెలిగించి ఇవ్వాలి. ఫోనులో టైపు చేసిన తెలుగు డీటీపీ వాళ్ల అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి. ప్రూఫు పిల్లల చేత చదివించండి, తమ పేరు తప్పు పడితే వాళ్ల కంటిని దాటిపోదు. డబ్బు సమకూరకపోతే ఒకే ఒక్క కాపీ రంగుల ప్రింటు తీసి స్పైరల్ బైండింగ్ చేయించి లైబ్రరీలో పెట్టండి. పూర్వ విద్యార్థులు వచ్చినప్పుడు దాన్ని చూపించండి, మరుసటి ఏడాది అచ్చుకి డబ్బు అడగడం తేలికవుతుంది.

సమయం ఎక్కడిదంటారేమో. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా పనులు నేర్పమంటోంది. అందులో రెండు రోజులు నాకివ్వండి. జూన్ నెలాఖరులో ఒక పూట వరండాలో వెలుతురు చెప్తాను, ఇంకో పూట కబడ్డీ కోర్టులో కూర్చోబెడతాను. ఆగస్టు 15 జెండా వందనం వాళ్ల మొదటి పరీక్ష. జెండాని, అతిథుల్ని తీయొద్దని ముందే చెప్పండి, అవి ఎలాగూ పేపరోళ్లు తీస్తారు. ముందురోజు సాయంత్రం రంగుకాగితాలు కత్తిరించి మైదాతో తాడుకి అంటించేవాళ్లని, పొద్దున్నే గ్రౌండులో సున్నంతో గీతలు వేసేవాళ్లని, చాక్లెట్ కోసం రెండోసారి వరసలో నిలబడ్డవాళ్లని తీయమనండి.

మా స్టూడియోలో పనిచేసే పాత డిజిటల్ కెమెరాలు రెండున్నాయి. పెళ్లివాళ్లు వాటిని చూసి ముఖం చిట్లిస్తున్నారు కాబట్టి బీరువాలో పెట్టాను. మా మండలంలో ముందుగా అడిగిన బడికి ఇస్తాను. ఒకదాని బ్యాటరీ గంటకన్నా ఎక్కువ నిలవడం లేదు, అది కొత్తది కొనాలి. మెమొరీ కార్డులు నేనే వేస్తాను. వేరే మండలాల వాళ్లు మీ ఊరి స్టూడియోవాణ్ణి అడగండి. ప్రతి స్టూడియోలోనూ ఇలాంటివి మూలన పడి ఉన్నాయి. పది మంది పిల్లలకి నేర్పమంటే ఎవడూ కాదనడు, మేమూ ఆ బడుల్లో చదివినవాళ్లమే. గ్రూప్ ఫొటో బేరం మాత్రం మాకే వదలండి.

ఇట్లు,
మీ మండల కేంద్రంలో బస్టాండు ఎదురు స్టూడియో ఫొటోగ్రాఫర్